కొల్లేటి రక్షణము – ప్రజాధనము

తటాకమును త్రవ్వించుట సప్తసంతానములలో నొకటియని మన పెద్దలు గణించిరి. త్రవ్వించిన చేతితోనే దానికి గండి కొట్టించుట పుణ్యమో పాపమో వారు విచారింపలేదు. అట్టి యవసరము కలుగునని వారు తలచియుండరు. కొల్లేటిలో మన ప్రభుత్వమువారు ఈ రెండు కార్యములను నెఱవేర్చిరి. 1976 లో ప్రజాధనముతో సరస్సులో చేపల చెఱువులు త్రవ్వుటకు తోడ్పడిరి. 2006 లో ప్రజాధనముతోనే ఆ చెఱువుల గట్లను యంత్రములతో తెగగొట్టించిరి. మొదటిది బీదల యుద్ధరణము కొఱకనిరి. రెండవది ప్రకృతి రక్షణము కొఱకనిరి. రెండు సంకల్పములును మంచివే. కాని రెండింటి తుదను కొల్లేటి లంకలలోని మత్స్యకారుని బ్రదుకు కుదుటపడలేదు. ఇట్లేల జరిగినది? పర్యావరణ రక్షణము పేరిట కోట్ల ధనము వ్యయమగుచున్న యీ దినములలో ఈ ప్రశ్నను మా పాఠకుల యెదుట నుంచుట మా విధియని తలచుచున్నాము.

కొల్లేరు కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ నున్న పెద్ద పల్లము. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మొదలగు ఏఱులును, అరువదికి పైగా కాలువలును, మురుగు కోడులును వచ్చి దానిలో పడుచున్నవి. నీరు వెలికి పోవుటకు మాత్ర మొక్కటే దారి, అది ఉప్పుటేరు. సుమారు అరువది కిలోమీటర్లు మెలికలు తిరిగి అది బంగాళాఖాతమును చేఱుచున్నది. అనేక ముఖముల గ్రహించి యేకముఖమున విడుచు సరస్సు గావున, వర్షకాలమున ఉబ్బుటయు వేసవిని కుంచించుకొనుటయు దాని స్వభావము. సముద్రమట్టమునకు పది యడుగుల యెత్తువఱకు నీరు నిండినపుడు దాని విస్తీర్ణము 901 చదరపు కిలోమీటర్లు. అయిదడుగుల మట్టమున 308. మూడడుగుల మట్టమున 135 మాత్రమే. కావున సరస్సు పొలిమేర యెక్కడ యని యడిగినచో ఋతువును బట్టి సమాధానము చెప్పవలసియుండును. కొల్లేటి వివాదములన్నిటికి మూలమిదియే. వేసవిని నేలగా కనబడునది శ్రావణమున నీరగును. నేలగా నున్నపుడు దానికి పట్టా కోరినవారే, నీరైనపుడు దానికి నష్టపరిహారము కోరుదురు.

ఈ సరస్సుతో మనకేమి పనియని డెల్టా భూస్వాములు తలపరాదు. 1852 లో ధవళేశ్వరమునను, 1855 లో బెజవాడయొద్దను ఆనకట్టలు పూర్తియైన నాటినుండి రెండు డెల్టాల నడిమి భాగమునకు పంట కాలువలు నీరు తెచ్చినవి; ఆ పొలములలో మిగిలిన నీటిని కొల్లేరు మోసినది. నీరు వచ్చుట యెంత భాగ్యమో, వచ్చిన నీరు పోవుటయు నంతే భాగ్యమని వరి పండించు ప్రతివాడు నెఱుగును. మురుగు దిగక చేలు కుళ్లిన యేడు మన రైతు ఆనకట్టను తిట్టడు, కొల్లేటిని తిట్టును. 1964 నాటి వఱదల పిమ్మట ఈ డెల్టాల మురుగు సమస్యను విచారించుటకు శ్రీ మిత్ర అధ్యక్షతను నిపుణుల సంఘ మేర్పడినది. 1968 లో డెల్టా భూములపై డ్రైనేజి సెస్సు విధింపబడినది. అనగా కొల్లేటి బాగోగులకు కొంత సొమ్ము భూస్వామియే తన సంచినుండి తీసి యిచ్చినాడు. తానిచ్చిన సొమ్ము ఏమైనదని యడుగుటకు అతనికి హక్కు గలదు. అడుగుటయే కాదు, దాని ఫలమెవరికి చెందినదని విచారించుటయు నతని ధర్మమే.

ఇక 1976 నాటి కథ. శ్రీ జలగం వెంగళరావుగారు ముఖ్యమంత్రిగా నున్న కాలమున, కొల్లేటి మత్స్యకారులకును దళితులకును సహకార సంఘముల నేర్పఱచి, సరస్సు గర్భమున చెఱువులు త్రవ్వించి చేపలు పెంపించు పథకము నమలు జరిపిరి. అంతకు ముందు లంకలవాడు తాటిదోనెపై బయలుదేఱి, వలలతోను మావులతోను కొరమీనును, జెల్లను, ఇంగిలాయిని పట్టుకొని జీవించెడివాడు. సరస్సు నిండిన యేడు తినుటకు కలదు. ఎండిన యేడు లేదు. అతనికొక నిలుకడైన యాదాయము కల్పింపవలెనని ప్రభుత్వము తలచుట దోషము కాదు. ఆ పథకము నాటి యధికారుల సద్బుద్ధిని మేము శంకింపము.

కాని గట్టువేయుటతో చెఱువు ఫలింపదు. పిల్లకును, మేతకును, మందునకును, కాపలాకును, చేప యెదుగు నెలల పర్యంతము వేచియుండుటకును పెట్టుబడి కావలయును. సంఘమునకు నేల గలదు, పెట్టుబడి లేదు. పట్టణములలోను, గట్టు మీది గ్రామములలోను పెట్టుబడి గలవారున్నారు, వారికి నేల కావలెను. ఈ రెండును కలిసికొనుటకు ఎంతయో కాలము పట్టలేదు. సంఘపు చెఱువులు కౌలుకు పోయినవి. సభ్యుని పేరు పుస్తకములో నిలిచినది. బొచ్చెయు శీలావతియు లారీలపై పరుల లెక్కలో పోయినవి. తన పేరిటి చెఱువునకు తానే కావలివాడై, మేత చల్లుటకు దినకూలియై, కొల్లేటి బిడ్డ నిలిచినాడు. సంఘముల చెఱువులను చూచి అనుమతి లేని చెఱువులును బయలుదేఱినవి. వీనిలో పెక్కింటి వెనుక పలుకుబడి గలవారి యండ గలదను మాట కొల్లేటి చుట్టుపట్ల నెఱుగనివాడు లేడు. ఇరువది యెనిమిదేండ్లు గడచునప్పటికి సరస్సు గర్భమున నూటికి నలువది పాళ్లకు పైగా చేపల చెఱువులుగా మాఱినదని, ఉపగ్రహచిత్రములను పరిశీలించిన ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2004 లో వెల్లడించిరి. గట్లు నీటి నడ్డుకొన్నవి. పై పొలములు మునుగనారంభించినవి. గూడబాతులకు తావు తఱిగినది. దోనెకు దారి మూసికొనిపోయినది.

ఇంతలో ప్రభుత్వపు మఱియొక శాఖ మేల్కొన్నది. 1999 అక్టోబరులో అయిదడుగుల మట్టమువఱకు గల 308 చదరపు కిలోమీటర్ల భూమిని, అనగా సుమారు 76 వేల యెకరములను, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అభయారణ్యముగా ప్రకటించిరి. 2002 లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల రాంసర్ పట్టికలో కొల్లేటికి స్థానము లభించినది. ఆంధ్రుల కది గర్వకారణమే. కాని యా చట్టమే మఱియొక పనిని కూడ విధించుచున్నది. అభయారణ్యముగా ప్రకటించిన పిమ్మట జిల్లా కలెక్టరు అందలి ప్రజల హక్కులను విచారించి, ఎవరికేమి చెందునో నిర్ణయించి, ఉంచదగిన హక్కుల నుంచి, తీసికొనవలసిన వానికి పరిహార మీయవలెను. 2002 నాటి సవరణము ఈ పని సాధ్యమైనంతవఱకు రెండేండ్లలో ముగింపవలెనని చెప్పినది. అంతేకాదు, ప్రకటనము వెలువడిన దినమునుండి ఆ భూములలో వారసత్వమున తప్ప నూతనముగ హక్కు సంపాదించుటకు వీలులేదని చట్టము నిషేధించుచున్నది. సరస్సులో వేలాది యెకరముల జిరాయితీ పట్టా భూములున్నవి. ఆ రైతు భూమిని అమ్మజాలడు, పూర్వమువలె వాడుకొనజాలడు, పరిహారమునకు వేచియుండవలెను. నిషేధము నాడే యమలైనది. హక్కుల నిర్ణయము మాత్రము ఏండ్లకేండ్లు వాయిదా పడినది. ప్రకటనమునకు కాగితము చాలును, పరిహారమునకు ధనము కావలెను. మొదటిది త్వరగా నగుటకును రెండవది కాకపోవుటకును కారణమింతకన్న వెదుక నక్కఱలేదు.

2006 లో సుప్రీముకోర్టు నియమించిన కేంద్ర సాధికార సంఘమువారు కొల్లేటిని చూచి, చెఱువులను తొలగింపవలసినదని చెప్పిరి. ఆ యేటి ఏప్రిలులో కోర్టువారు దాని నామోదించిరి. శ్రీ వై. యస్. రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వము “ఆపరేషన్ కొల్లేరు” అను పేరిట యంత్రములను దింపినది. ఆ వేసవి ముగియులోపల నలువది వేల యెకరములకు పైబడిన చెఱువుల గట్లు తెగినవి. అభయారణ్యములో సగమునకు మించిన భాగమన్న మాట. ఇంత పెద్ద యాక్రమణమును ఇంత త్వరగా తొలగించుట మన పరిపాలనలో తఱచుగా కానవచ్చు విషయము కాదు. ఆ కార్యమున అధికారులు చూపిన పట్టుదలను మేము కొనియాడుచున్నాము. గట్లు తెగినచోట నీరు మరల పరచుకొన్నది. సరస్సునకు ఊపిరి యాడినది.

అయితే గట్టు తెగునపుడు దానితోపాటు తెగినవి మఱికొన్ని గలవు. పెట్టుబడిదారు నష్టపడలేదని మేమనము. కాని యతడు తన మిగిలిన ధనముతో అయిదడుగుల మట్టమునకు వెలుపలికి జరిగి, అచ్చటి వరిచేలను చెఱువులుగా మార్చుకొన్నాడు. కావలివాడు జరుగలేడు. మేత చల్లు కూలికి ఆ దినముననే పని పోయినది. ఊరుమ్మడి చెఱువుల కౌలుసొమ్ముతో లంక గ్రామములలో నడచుచుండిన బడి మరమ్మతు, గుడి యుత్సవము, ఆపద సాయము కుంటువడినవి. తట్టలో చేపలు పెట్టుకొని సంతకు పోవు స్త్రీకి సరకు లేకపోయినది. వలతో వేటాడుటకు నిషేధము లేదనిరి, నిజమే. కాని ముప్పదియేండ్లు చెఱువు గట్టుమీద పెరిగిన కుఱ్ఱవానికి వల యెవరు నేర్పిరి? మందుల నీరును పట్టణపు మురుగును త్రాగిన సరస్సులో పూర్వపు చేప ఒక్క వేసవిలో తిరిగి వచ్చునా? పనికొఱకు లంకలు విడిచి పరస్థలములకు పోయిన కుటుంబము లెన్నియో గలవు. సరస్సులోపల 46, చుట్టును 76 గ్రామములున్నవని లెక్క. గట్లు తెగగొట్టుటకు దినముల చొప్పున ప్రణాళిక వేసిన ప్రభుత్వము, ఈ గ్రామముల జీవనోపాధికి సంవత్సరముల చొప్పుననైన అట్టి ప్రణాళికను నడపవలసియుండెను. యంత్రమునకు దొరకిన ధనము మనుష్యునికి దొరకకపోవుట మా కెంతయు విచారకరముగ నున్నది.

ఫలితమేమి? 2008 లో శాసనసభవారు అభయారణ్యపు హద్దును అయిదడుగుల మట్టమునుండి మూడడుగుల మట్టమునకు కుదింపవలెనని తీర్మానించిరి. అంగీకరించినచో 308 చదరపు కిలోమీటర్లు 135 కు దిగియుండెడివి. కేంద్ర ప్రభుత్వము నియమించిన డాక్టరు అజీజ్ గారి సంఘము ఆ కుదింపున కనుకూలింపలేదు. హద్దు మాఱలేదు, హక్కులు తేలలేదు, అనిశ్చితి మాత్రము మిగిలినది. ఆ యనిశ్చితిలో రాత్రివేళ గట్లు మరల లేచినవి. పగలు కూల్చుటయు, రాత్రి కట్టుటయు, ఎన్నికలు వచ్చినపుడు రెండును మఱచుటయు కొల్లేటి వాడుకయైనది. ప్రజాధనముతో చేసిన రక్షణము ప్రజలలో వేరూనకున్నచో దానిని ప్రతి పదేండ్లకు మరల కొనవలసియుండును. ఇదియే మేము ముఖ్యముగా చెప్పదలచిన మాట.

పట్టణవాసులకు దీనితో సంబంధము లేదా? 2024 సెప్టెంబరు మొదటి దినములను విజయవాడ పౌరులు మఱచియుండరు. బుడమేరు పొంగి గండ్లు పడి, సింగునగరము మొదలగు ప్రాంతములలో ఇండ్లు మునిగి, జనులు మేడలపై కెక్కి యన్నపు పొట్లములకు చేతులు చాచిరి. ఆ విపత్తునకు ఏటి గర్భపు ఆక్రమణలు, కట్టల బలహీనత, కుంభవృష్టి మొదలగు కారణములు పెక్కులు గలవు. అన్నిటిని కొల్లేటిమీదికి త్రోయుట న్యాయము కాదు. కాని బుడమేరు చివరకు పోయి చేఱునది కొల్లేటిలోనే. దిగువ గిన్నెలో చోటు లేనపుడు ఎగువ ధార నిలిచిపోవునని చెప్పుటకు ఇంజనీరింగు శాస్త్రము చదువ నక్కఱలేదు. మఱియొక మాట. విజయవాడ మురుగు బుడమేరు ద్వారమునను, ఏలూరు మురుగు తమ్మిలేరు ద్వారమునను కొల్లేటికే పోవుచున్నది. లంకవాడు గట్టువేసి సరస్సును చెఱచినాడని నిందించు పట్టణవాసి, తన యింటి మురుగు ఎచ్చట దిగుచున్నదో ఒక్కమాఱు విచారించుకొనవలెను. గట్టువేసిన నేరమునకు యంత్రము వచ్చినది. మురుగు విడిచిన నేరమునకు నోటీసైనను వచ్చినదా?

ఈ విషయమున రెండు వాదములు తఱచుగా వినబడుచున్నవి. పక్షులు ముఖ్యమా, ప్రజలు ముఖ్యమా యని యొకరందురు. ఈ వాదము చెఱువుల యజమానులకు మిక్కిలి యుపయోగపడినది. పేదవాని నోట పెట్టి ధనికుడు పలికించు పలుకులలో నిది యొకటి. ఆటపాకలో గూడబాతు బ్రదుకుటకు కావలసిన నీరును, లంకవాని దోనె తిరుగుటకు కావలసిన నీరును ఒక్కటియే. పక్షికి తావు లేని కొల్లేటిలో మత్స్యకారునికిని తావు లేకపోవుట మనము చూచితిమి. రెండవ వాదము నగరములలో వినబడును: ఆక్రమణదారులకు పరిహారమేల, చట్టము చట్టమే యని. అట్లయినచో 1976 లో సంఘములను పిలిచి చెఱువులప్పగించినది ఎవరు? ప్రభుత్వము చేయి పట్టుకొని నీటిలోనికి తెచ్చినవానిని, తరువాత ఆక్రమణదారుడని యనుట న్యాయము కాదు. అనుమతి లేక వందల యెకరములు కట్టుకొన్నవానిని, సంఘపు పట్టికలో పేరు తప్ప ఏమియు లేనివానిని ఒక్క కొలతతో కొలుచుట అంతకన్నను న్యాయము కాదు.

కొల్లేటి ప్రాంతమున నొక జనశ్రుతి గలదు. కొల్లేటికోట ముట్టడి కాలమున సరస్సు నీటిని సముద్రమునకు దింపుటకై ఉప్పుటేరును త్రవ్వి, ఆ పని నిర్విఘ్నముగ సాగుటకు ఒక సేనాని కూతును బలి యిచ్చిరనియు, అందుచేతనే ఆ కాలువకు పేరంటాల కనుమ యను పేరు వచ్చినదనియు చెప్పుదురు. ఇది చరిత్రయో కల్పనయో మేము నిర్ణయింపబోము. కాని కొల్లేటి నీటిని కదలించునపుడెల్ల ఎవరో యొక బలహీనులు బలియగుదురను తెలివి ఆ కథలో గలదు. రాజుల కాలపు కథ ప్రజాప్రభుత్వ కాలమునను నిజము కారాదు.

కావున ప్రభుత్వమువారికి మేము చేయు సూచనలు కొన్ని గలవు. మొదటిది, 1999 నాటి ప్రకటనము క్రింద మిగిలిన హక్కుల విచారణము నొక గడువు పెట్టి ముగింపవలెను. జిరాయితీ భూములలో సరస్సునకు కావలసినవానిని న్యాయమైన వెలయిచ్చి కొనవలెను. అయిదడుగుల హద్దును కాగితముపై కాక రాళ్లతో నేలపై చూపవలెను. రెండవది, సరస్సులో వేటహక్కు లంక గ్రామముల నిజమైన మత్స్యకారులకే యుండవలెను. దానిని కౌలుకిచ్చుట చెల్లరాదు. సంఘ సభ్యుల పట్టికను ప్రతి గ్రామమున చావడిలో బహిరంగముగ చదివింపవలెను. మూడవది, గుర్రపుడెక్క తీయుటకును, ఉప్పుటేరు పూడిక తీయుటకును, గట్ల గుర్తులు చదును చేయుటకును ఏటేట వ్యయమగు ధనము గుత్తదారుల ద్వారమున కాక, ఆ లంకల కూలీలకే వేతనముగ చేఱవలెను. సరస్సు బాగుపడిన కొలది తన సంపాదన పెరుగునని యెఱిగినవాడు రాత్రివేళ గట్టు కట్టనీయడు. అతనికన్న మంచి కావలివాడు ప్రభుత్వమునకు దొరకడు. నాలుగవది, సముద్రపు టుప్పునీరు ఎదురెక్కకుండ ఉప్పుటేరుపై రెగ్యులేటర్లు కట్టవలెనను చిరకాలపు ప్రతిపాదనమును, వఱద పోవుటకు ఆటంకము కలుగని రీతిని నెఱవేర్పవలెను. అయిదవది, ఏలూరు, విజయవాడ, గుడివాడ పట్టణముల మురుగును శుద్ధిచేసియే కాలువలలో విడువవలెను. దీని వ్యయము పట్టణవాసులు భరింపవలెను. కడపటిది, కొల్లేటిపై ఇంతవఱకు వ్యయమైన ప్రజాధనపు లెక్కను, ఎవరికెంత చేఱినదో తెలియునట్లు, తెనుగున ముద్రించి ప్రకటింపవలెను.

భూస్వాములైన మా పాఠకులకును ఒక మనవి. హద్దు కుదించినచో తమకు కొన్ని యెకరములు కలిసివచ్చునని తలచువారు, ఆ యెకరములు ఎవరి చేలపై నీరు నిలిపి వచ్చినవో ఆలోచింపవలెను. సరస్సు తన చోటును ఎప్పుడైనను తిరిగి తీసికొనును. పంటచేను మునిగినపుడు పెద్దరైతు మఱియొక కారునకు నిలువగలడు, కౌలుదారు నిలువలేడు.

ప్రకృతిని కాపాడుటకు ప్రజాధనమును వెచ్చించుట వ్యర్థమని మేమెన్నడు ననము. కొల్లేరు నిలువవలెను, నిలుపుటకు ధనము కావలెను, ఆ ధనము నిచ్చుటకు డెల్టా ప్రజలు వెనుదీయరు. కాని రక్షణభారమంతయు లంకలవానిపై మోపి, దాని ఫలమును ఇతరులనుభవించు విధానము మూడవమాఱు సాగరాదు. సరస్సును, దానితో బ్రదుకువారిని ఒక్క పద్దులో వ్రాసిననాడే ఈ రక్షణము నిలుచును. బలి లేకుండ నీటిని కదలింపగల ప్రభుత్వమును కొల్లేరు ఇంకను ఎదురుచూచుచున్నది.